నిఘా రోగం మీదనా? మనుషుల మీదనా?

2020 ఏప్రిల్ మొదటి వారాలలో ఢిల్లీ ప్రభుత్వం రోజూ విడుదల చేసిన కరోనా బులెటిన్‌లో ఒక ప్రత్యేకమైన గడి ఉండేది. విదేశాల నుంచి వచ్చినవారు ఎందరు, వారితో మెలిగినవారు ఎందరు అన్న లెక్కల పక్కనే ‘మర్కజ్ మస్జిద్’ అని రాసి, దాని ఎదుట ఒక అంకె వేసేవారు. ఢిల్లీ మైనారిటీల కమిషన్ లేఖ రాసి అభ్యంతరం తెలిపిన తరువాత ఆ పేరు తీసివేసి ‘ప్రత్యేక చర్యలు’ అన్న మాట పెట్టారు. పేరు మారింది కాని గడి చెరిగిపోలేదు. ఆ గడిలో ఎవరున్నారో అప్పటికే దేశమంతటికీ తెలుసు.

ఇన్నేళ్ల తరువాత ఆ గడిని మళ్లీ ఎందుకు తవ్వుతున్నారని కొందరు మిత్రులు అడుగుతున్నారు. కారణాలు రెండు. మొదటిది, న్యాయస్థానాలు తమ మాట చెప్పాయి. నిజాముద్దీన్ మర్కజ్‌కు వచ్చిన విదేశీయులకు ఆశ్రయమిచ్చారన్న ఆరోపణతో 70 మంది భారతీయులపై పెట్టిన 16 కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జూలై 17న కొట్టివేసింది. ఐదేళ్లు గడిచాక వచ్చిన ఆ వార్త ఏ పత్రికలో ఏ మూలన పడిందో పాఠకులే గుర్తు చేసుకోవాలి. రెండవది, మరో మహమ్మారి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది వచ్చిన రోజున మాట్లాడితే మన మాట భయపు కేకల మధ్య వినబడదు. ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉన్నప్పుడే మాట్లాడాలి.

ఒకే మాట, రెండు పనులు

మన భాషలో ‘నిఘా’ అన్న మాట రెండు చోట్ల వాడుతాం. పోలీసులు అనుమానితుల మీద పెట్టేదీ నిఘాయే. ఆరోగ్యశాఖ జ్వరాల మీద, విరేచనాల మీద, దోమల మీద పెట్టేదీ నిఘాయే. పేరు ఒకటే అయినా ఈ రెండూ పూర్తిగా వేర్వేరు పనులు. మొదటిది మనిషిని వెతుకుతుంది. రెండవది రోగాన్ని వెతుకుతుంది. 2020లో జరిగిన అనర్థానికి మూలం ఈ రెండవ పనిని మొదటి పనిగా మార్చివేయడమే.

మన దేశంలో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2004లో మొదలైంది. ప్రతి జిల్లాలోనూ దానికి ఒక విభాగం ఉంది. ఊళ్లో ఎందరికి జ్వరం వచ్చిందో, ఎందరికి వాంతులు, విరేచనాలు అయ్యాయో ఆరోగ్య కార్యకర్త నమోదు చేస్తుంది. ఆసుపత్రిలో డాక్టరు తన అనుమానాన్ని రాస్తాడు. ప్రయోగశాల నిర్ధారిస్తుంది. ఈ మూడు రకాల సమాచారం ఒకచోట చేరితే, ఏ వాడలో ఏ రోగం అకస్మాత్తుగా పెరుగుతున్నదో పసిగట్టి అక్కడికి వైద్య బృందాన్ని పంపవచ్చు. గతంలో వారానికొకసారి కాగితాల మీద సాగిన ఈ పని ఇప్పుడు కంప్యూటర్ల మీదికి మారింది.

ఇంత పెద్ద యంత్రాంగం చివరికి దేని మీద నిలబడింది? ఒక తల్లి తలుపు తీసి, “అమ్మా, మా పిల్లవాడికి మూడు రోజులుగా జ్వరం” అని ఆశా కార్యకర్తతో చెప్పడం మీద. ఆ తల్లి తలుపు తీయకపోతే జిల్లా కేంద్రంలో ఎన్ని కంప్యూటర్లు ఉన్నా వ్యర్థమే. వ్యాధి నిఘాకు మొదటి పరికరం నమ్మకం. దానిని పగలగొట్టినవారు ముస్లింలకు మాత్రమే ద్రోహం చేయలేదు. దేశ ఆరోగ్యానికే ద్రోహం చేశారు.

కరీంనగర్ నుంచి కోటి దాకా

మేము ఏది తప్పుపడుతున్నామో, ఏది తప్పుపట్టడం లేదో స్పష్టంగా చెప్పాలి. 2020 మార్చి మూడో వారంలో కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా బృందంలో కరోనా బయటపడింది. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి, వారితో మెలిగినవారి ఆచూకీ తీసి, పరీక్షలు చేశారు. అది ప్రశంసనీయమైన పని. మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం నిజాముద్దీన్ వెళ్లివచ్చినవారిలో ఆరుగురు మరణించారని ప్రకటించి, మిగిలినవారు ముందుకు రావాలని కోరింది. అలా కోరడమూ అవసరమే. రోగం ఏ దారిన ప్రయాణించిందో తెలుసుకోకుండా ఏ మహమ్మారినీ ఆపలేరు. ఆ దారి మసీదు గుండా పోతే మసీదుకే రావాలి, పెళ్లిమండపం గుండా పోతే అక్కడికే వెళ్లాలి.

మర్కజ్ నిర్వాహకులు మరింత ముందుగా మేలుకొని ఉండవలసిందని చెప్పడానికీ మనం వెనుకాడనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జనవరి 30న అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిని, మార్చి 11న మహమ్మారిని ప్రకటించింది. నిజమే, మార్చి 13న మన కేంద్ర ఆరోగ్యశాఖ ఇది ఆరోగ్య అత్యవసర పరిస్థితి కాదని చెప్పింది. అయినా దూరదేశాల నుంచి జనం వచ్చే చోట ఇంకొంత జాగ్రత్త అవసరమే. అది ఆ నిర్వాహకుల వివేకానికి సంబంధించిన లోపం. ఇరవై కోట్ల మంది పౌరుల నేరం కాదు.

తప్పు మొదలైనది ఆ తరువాత. ఏప్రిల్ 4న కేంద్ర ఆరోగ్యశాఖ 17 రాష్ట్రాలలోని 1,023 కేసులకు తబ్లీగీ జమాత్‌తో సంబంధం ఉందని, మొత్తం కేసులలో అవి సుమారు 30 శాతమని ప్రకటించింది. ఏప్రిల్ 8న అదే ఆరోగ్యశాఖ, వ్యాధి వ్యాప్తికి ఏ సమూహాన్నీ బాధ్యులుగా ముద్ర వేయరాదని పౌరులకు సలహాపత్రం విడుదల చేసింది. ఏప్రిల్ 18న అదే ఆరోగ్యశాఖ మళ్లీ విలేకరుల ముందుకు వచ్చి 14,378 కేసులలో 4,291 తబ్లీగీతో ముడిపడినవేనని లెక్క చెప్పింది. పౌరులకు ఇచ్చిన సలహాను పది రోజులు తిరగకుండానే తానే ఉల్లంఘించింది. మతాన్ని బట్టి, జాతిని బట్టి కరోనా రోగులను వర్గీకరించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతినిధి ఏప్రిల్ 6న చెప్పిన మాటా గాలికి పోయింది.

ఆ 30 శాతం అన్న అంకె అబద్ధమని మేము అనడం లేదు. అది సగం నిజం. ఆ రోజుల్లో పరీక్షల కిట్లు తక్కువ. విదేశాల నుంచి వచ్చినవారికి, రోగులతో మెలిగినవారికి, మరికొన్ని వర్గాలకే పరీక్షలు. మర్కజ్ నుంచి మాత్రం 2,300 మందికి పైగా తరలించి, వారినీ, దేశం నలుమూలలా వారి బంధుమిత్రులనూ వెతికి వెతికి పరీక్షించారు. చీకటి గదిలో ఒక మూలన దీపం పెట్టి, వస్తువులన్నీ ఆ మూలనే ఉన్నాయని చెప్పినట్లుంది ఈ లెక్క. ఆ సంవత్సరం డిసెంబరు నాటికి దేశంలో కేసులు కోటి దాటాయి. కోటిలో 4,291 ఎంతో బడిపిల్లవాడు కూడా చెప్పగలడు. ఆ కోటి లెక్క వచ్చిన రోజున ఏప్రిల్ నాటి శాతాన్ని సవరించి చెప్పడానికి మాత్రం ఎవరూ విలేకరులను పిలవలేదు.

2021 ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాకు లక్షలాదిమంది వెళ్లారు. దేశం రోజువారీ లెక్కలలో ఆ యాత్రికులకు వేరే గడి వెలవలేదు. వెలవకపోవడమే సరైనది. వారికీ గడి పెట్టవలసిందని మేము అనం. అలా అడిగితే మనకు జరిగిన అన్యాయాన్ని న్యాయమని ఒప్పుకున్నట్లే. ఎవరికీ గడి ఉండరాదన్నదే మా వాదన.

మురుగునీరు చెప్పిన నిజం

మతం అడగకుండా రోగాన్ని వెతకడం సాధ్యమేనా అన్న సందేహం ఎవరికైనా ఉంటే హైదరాబాదు వైపే చూడవచ్చు. 2016లో అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి తీసిన నమూనాలో, టీకా నుంచి రూపుమారిన పోలియో వైరస్ ఆనవాలు దొరికింది. ఒక్క బిడ్డకూ జబ్బు రాకముందే హెచ్చరిక అందింది. ఆ జూన్ నెలలో హైదరాబాదు, రంగారెడ్డి ప్రాంతాలలో వారం రోజులలో సుమారు మూడు లక్షల మంది పిల్లలకు పోలియో ఇంజెక్షన్లు వేశారు. ఆ నీరు ఏ ఇంటి నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. ప్రమాదం ఉన్న ప్రాంతాలను గుర్తించారు, ఆ ప్రాంతాల పిల్లలందరికీ సూది వేశారు, అంతటితో పని పూర్తయింది.

కరోనా కాలంలోనూ అదే నగరంలోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటి నమూనాలు పరీక్షించి, 2020 ఆగస్టులో తమ అంచనా ప్రకటించారు. అంతకుముందు 35 రోజులలో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందన్నారు. మరుసటి సంవత్సరం మార్చిలో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి 30 వార్డులలో సుమారు 9,000 మంది రక్తనమూనాలు పరీక్షించి ఫలితాలు వెల్లడించాయి. 54 శాతం మందిలో కరోనా యాంటీబాడీలు కనిపించాయి. అంటే నగరంలో ప్రతి ఇద్దరిలో ఒకరు. వీరందరూ నిజాముద్దీన్ వెళ్లివచ్చారా? వీరందరితో తబ్లీగీ సోదరులు కరచాలనం చేశారా? టీవీ తెరల మీద మన సమాజానికి కొత్త కొత్త ‘జిహాద్’లు అంటగట్టిన మహానుభావులు ఈ అంకెకు ఏనాడూ జవాబు చెప్పలేదు. చెప్పరు కూడా.

మూసుకున్న తలుపుల వెనుక

ఆ గడి వల్ల ఏం జరిగిందో మన వాడలలో ప్రతి కుటుంబానికీ తెలుసు. తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముకునే సోదరుడిని పేరు అడిగి వెళ్లగొట్టారు. అద్దె ఇంటి యజమానుల చూపు మారింది. కొన్ని చోట్ల గర్భిణులకు కూడా వైద్యం నిరాకరించారన్న ఫిర్యాదులు వచ్చాయి. ఈ అవమానాలను మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఇక్కడ చెప్పవలసినది వేరు. అవమానపడిన మనిషి ఏం చేస్తాడు? జ్వరం వచ్చినా చెప్పడు. దగ్గు వస్తే గోలీ మింగి ఊరుకుంటాడు. సర్వేకు వచ్చినవారు తన కోసం వచ్చారో, తన జ్వరం కోసం వచ్చారో తెలియక తలుపు మూసుకుంటాడు. ఊపిరి అందని స్థితిలో ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోతుంది. అతడి ఇంట్లోని ముసలితల్లికీ, పక్కింటి హిందూ సోదరుడికీ అదే వైరస్ సోకుతుంది. ముద్ర వేసినవాడు తన ఇంటికి తానే నిప్పు తెచ్చుకున్నాడు.

ఈ దేశమే దీనికి వ్యతిరేకమైన దారిని నడిచి చూపింది. 2000 తరువాతి సంవత్సరాలలో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ముస్లిం కుటుంబాలలో పోలియో చుక్కల మీద అపోహలు ప్రబలాయి. పిల్లలు పుట్టకుండా చేసే మందు అన్నారు. అప్పుడు ప్రభుత్వమూ, యునిసెఫూ ఆ కుటుంబాలను దోషులుగా చూపలేదు. ఆ వాడలకు చెందిన స్త్రీలనే కార్యకర్తలుగా తీసుకున్నాయి. అలీగఢ్, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ విద్యాసంస్థలను కలుపుకొన్నాయి. ఇమాములతో మాట్లాడించాయి. మసీదు మైకులలో చుక్కల తేదీలు వినిపించాయి. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చిన కేసు దేశంలో చివరి పోలియో కేసు అయింది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అదే సమాజం, అవే మసీదులు. ప్రభుత్వం మాట్లాడిన తీరు ఒక్కటే మారింది.

1897 నాటి లాఠీ

ఇన్ని అనుభవాల తరువాత కూడా మన చేతిలో ఉన్న చట్టం ఏది? 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి ప్లేగు కాలంలో తెల్లదొరలు చేసిన చట్టం. అందులో ఉన్నవి కొద్దిపాటి సెక్షన్లు. ప్రభుత్వం ఏమేమి చేయవచ్చో ఉంది. మాట విననివారికి శిక్ష ఉంది. సద్భావంతో పనిచేసిన అధికారికి రక్షణ ఉంది. రోగికి ఉన్న హక్కు ఏమిటో ఒక్క ముక్క లేదు. 2020లో చేసిన సవరణ ఆరోగ్య సిబ్బందిపై దాడులను కఠినంగా శిక్షించే ఏర్పాటు చేసింది. దానిని మనం హృదయపూర్వకంగా సమర్థిస్తున్నాం. మన వాడకు వచ్చిన నర్సు మీద, డాక్టరు మీద చెయ్యెత్తినవాడు మనవాడైనా శిక్షార్హుడే. కాని ముద్రపడిన రోగికి, పేరు బయటపడిన కుటుంబానికి ఆ సవరణలో కూడా చోటు లేదు.

ఇది చేతకాని పని కాదు. 2017లో ఇదే పార్లమెంటు హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం చేసింది. రోగి అనుమతి లేకుండా అతడి వివరాలు బయటపెట్టరాదని చెప్పింది. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంటిలో వివక్ష చూపరాదని నిషేధించింది. ద్వేషాన్ని ప్రచారం చేసినవారికి జైలుశిక్ష పెట్టింది. ఫిర్యాదులు వినడానికి రాష్ట్రాలలో అంబుడ్స్‌మన్‌ను నియమించమంది. ఒక వ్యాధి బాధితులకు ఉన్న ఈ రక్షణ మహమ్మారి బాధితులకు ఎందుకు ఉండరాదు? 1897 చట్టం ఈ కాలానికి చాలదని లా కమిషన్ కూడా తన 286వ నివేదికలో 2024 ఫిబ్రవరిలో తేల్చింది. కొత్త చట్టం రాయవలసిన సమయం ఇదే. రాసేవారికి మన అనుభవం వినిపించవలసిన సమయమూ ఇదే.

న్యాయస్థానాల మీదనే భారం వేసి ఊరుకోలేం. బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టు 21న విదేశీ తబ్లీగీలపై కేసులు కొట్టివేస్తూ, విపత్తు వేళ బలిపశువును వెతికే ధోరణిని ఎత్తిచూపింది. విచారణను ఎదుర్కొంటామని నిలబడిన 36 మంది విదేశీయులను ఢిల్లీ కోర్టు అదే డిసెంబరులో నిర్దోషులుగా విడుదల చేసింది. మనం కృతజ్ఞులం. అయితే తీర్పు వచ్చేది తుఫాను వెలిసిన తరువాత. కొట్టుకుపోయిన తోపుడుబండిని అది వెనక్కి తేలేదు.

మన వంతు ఎంత?

ప్రభుత్వాన్ని నిలదీసే నోరు మనల్ని మనం కూడా నిలదీయాలి. అంటువ్యాధి వేళ ఏం చేయాలో మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. ప్లేగు ఉన్న ఊరికి పోవద్దని, తాము ఉన్న ఊరిలో ప్లేగు వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) బోధించారు. అమ్వాస్ ప్లేగు కాలంలో ఖలీఫా ఉమర్ (రజి) సిరియా సరిహద్దు దాకా వెళ్లి, సహచరులను సంప్రదించి వెనుదిరిగారు. ఇది దైవనిర్ణయం నుంచి పారిపోవడం కాదా అని అడిగినవారికి, జాగ్రత్తపడడమూ దైవనిర్ణయంలో భాగమేనని వివరించారు. ఇంత స్పష్టమైన వారసత్వం ఉండి కూడా, ‘మనకేమీ కాదు’ అన్న వాట్సాప్ సందేశాలను పంచుకున్నవారు మనలో లేరా? టీకా గురించి కల్లబొల్లి కథలు నమ్మినవారు లేరా?

2022 చివరలో ముంబయిలోని గోవండి వాడలో తట్టు వ్యాపించి పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఇరుకు గదులు, పోషకాహార లోపం, కరోనా కాలంలో తప్పిపోయిన టీకాలు, వాటికి తోడు కొందరు తల్లిదండ్రుల సంకోచం అందుకు కారణాలు. మొదటి మూడింటికి ప్రభుత్వం జవాబు చెప్పాలి. నాలుగవ దానికి మనమే చెప్పాలి. ఆ పిల్లలు మన పిల్లలు.

అందుచేత ప్రతి మస్జిద్ కమిటీని మేము కోరుతున్నాం. మీ వాడ ఆశా కార్యకర్త పేరు, ఫోను నంబరు మసీదు గోడ మీద రాయండి. టీకాల తేదీలు జుమా రోజున ప్రకటించండి. ఒకే వీధిలో నలుగురికి ఒకే రకం జ్వరం వస్తే ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలపండి. చదువుకున్న మన ఆడపిల్లలను ఆరోగ్య కార్యకర్తల ఉద్యోగాలకు ప్రోత్సహించండి. వివక్ష జరిగితే తేదీ, స్థలం, సాక్షుల పేర్లతో సహా ఆ రోజే కాగితం మీద పెట్టి ఫిర్యాదు చేయండి. నోటిమాటగా మిగిలిన బాధ ఏ కమిషన్ ముందూ నిలబడదు.

మేము కోరేది

ప్రభుత్వాలను మేము కోరేవి దయాదాక్షిణ్యాలు కావు. అత్యవసర సమయంలో విడుదల చేసే ఏ బులెటిన్‌లోనైనా వయసు, లింగం, ప్రాంతం మాత్రమే ఉండాలి. మతం, కులం, ప్రార్థనాస్థలం పేరు ఉండరాదు. ఫలానా రోజున ఫలానా చోటికి వెళ్లినవారు పరీక్ష చేయించుకోవాలని పిలవవలసి వస్తే, ఒకసారి పిలవండి. రోజూ శాతాలు కట్టి ప్రదర్శించకండి. 1897 చట్టం స్థానంలో వచ్చే చట్టంలో రోగి గోప్యతకు, వివక్ష నిషేధానికి, ఫిర్యాదుల పరిష్కారానికి హెచ్‌ఐవీ చట్టంలో ఉన్నంత బలమైన ఏర్పాటు ఉండాలి. ఆరోగ్య సర్వేకు వచ్చే బృందం వెంట పోలీసు రాకూడదు, సర్వే సమాచారం పోలీసులకు చేరకూడదు. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉర్దూ ద్వితీయ అధికార భాష. కాబట్టి ఆరోగ్య హెచ్చరికలు తెలుగుతోపాటు ఉర్దూలోనూ అదే రోజున రావాలి. ముస్లింలు ఎక్కువగా ఉన్న పెద్ద గ్రామాలలో వైద్య సౌకర్యాల కొరతను సచార్ కమిటీ 2006లోనే ఎత్తిచూపింది. నిఘా పెట్టడానికి వచ్చే ముందు అక్కడ ఒక ఆసుపత్రి పెట్టండి.

కరోనా రెండో అలలో సొంతవారే దగ్గరికి రాని శవాలను మోసి, వారి వారి మతాచారాల ప్రకారం సాగనంపిన ముస్లిం యువకులు ఈ రెండు రాష్ట్రాలలో ఎందరో ఉన్నారు. పాడె ఎత్తే ముందు వారు ఎవరి మతమూ అడగలేదు. శవం దగ్గర ఆ పిల్లలు పాటించిన మర్యాదనే జ్వరంతో పడి ఉన్న మనిషి దగ్గర ప్రభుత్వం పాటించాలి. మేము అడుగుతున్నది అంతే. రేపు మన తలుపు తట్టే ఆరోగ్య కార్యకర్త జ్వరం ఎన్నాళ్ల నుంచని అడిగితే ఆ తలుపు బార్లా తెరుచుకుంటుంది. ఎక్కడ నమాజు చదువుతారని అడిగితే మూసుకుంటుంది. ఏ ప్రశ్న వేయాలో ప్రభుత్వాలు ఇప్పుడే తేల్చుకోవాలి.